ముగ్గులా ఉందట!

"రంగులు కళ్ళకి ఇంపుగా ఉన్నాయమ్మా. కానీ ఇందులో రాజకీయం ఎక్కడుంది? పండగనాడు వాకిట్లో పెట్టిన ముగ్గులా ఉంది."

ఒక సదస్సులో నేను గోడచిత్రాల మీద పత్రం చదివి కూర్చోగానే సభాధ్యక్షులవారు అన్న మాట ఇది. ఆయన పేరు అనవసరం. మంచివారే. మెక్సికన్ కుడ్యచిత్రకళ అంటే ప్రాణం పెడతారు. డియెగో రివేరా గురించి కాగితం చూడకుండా గంటసేపు మాట్లాడగలరు. ఆ మాటకి సభలో చాలామంది నవ్వారు. నవ్వినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. ఒప్పుకోవాలి కదా, నేనూ నవ్వాను, మొహమాటానికి. పైగా టీ విరామంలో ఆయన దగ్గరికెళ్ళి "మీరన్నది ఆలోచించాల్సిన విషయమే సార్" అని వచ్చాను. ఇంటికి చేరాక నా మీద నాకే ఒళ్ళు మండింది. అప్పుడు చెప్పని జవాబు ఇప్పుడు చెప్తున్నాను.

ఆ రోజు తెరమీద నేను చూపించిన బొమ్మ శాన్‌ఫ్రాన్సిస్కోలో 24వ వీధి, యార్క్ వీధి కలిసే మూలమీద ఉంది. హువానా అలీసియా 2004లో వేసింది. పేరు 'లా యొరోనా పవిత్ర జలాలు'. నేను దాన్ని పుస్తకంలో కాదు, గోడమీదే చూశాను. ఫ్రీమాంట్‌లో మా అక్కావాళ్ళింట్లో పదిరోజులున్నప్పుడు "ఇంతదూరం వచ్చి గోడలు చూస్తానంటావేమిటే" అని అక్క నవ్వింది. బార్ట్ రైలెక్కి 24వ వీధి స్టేషన్లో దిగి తూర్పువైపు నడిచాను. దారి పొడుగునా మెక్సికన్ రొట్టెల కొట్లు, కూరగాయల బండ్లు, పై నుంచి వేలాడే రంగు కాగితపు తోరణాలు. కత్తిరించిన ఆ కాగితాల్ని పపెల్ పికాదో అంటారు. మన పెళ్ళిపందిట్లో కట్టే రంగుకాగితాల్లాంటివే, కాకపోతే వాటిలో పువ్వులూ పుర్రెలూ కూడా కత్తిరిస్తారు.

గోడంతా నీలం. ఆకాశనీలం, నేరేడుపండు నీలం, నల్లబడిన నీలం. మధ్యలో యొరోనా. ఆమె చుట్టూ నీళ్ళు. ఆ నీళ్ళల్లో ఒకవైపు 2000లో నీటిని ప్రైవేటు కంపెనీకి అప్పగిస్తే తిరగబడిన బొలీవియా దేశపు కొచబాంబా జనం. ఇంకోవైపు సియుదాద్ హువారెస్‌లో హత్యలకు గురైన అమ్మాయిల కోసం నల్లబట్టలు కట్టుకుని నిలబడ్డ స్త్రీలు. ఆ పట్టణం అమెరికా సరిహద్దులో ఉంది. ఎగుమతి ఫ్యాక్టరీల్లో పనిచేసే అమ్మాయిలూ పేదింటి అమ్మాయిలూ అక్కడ 1993 నుంచీ వరసగా మాయమవుతూ, శవాలై దొరుకుతూ వచ్చారు. ఇక ఇంకోచోట మన నర్మదా లోయ ఆడవాళ్ళు. ఇల్లు మునుగుతున్నా కదలమని నీళ్ళల్లో నిలబడ్డవాళ్ళు.

వాళ్ళు అక్కడుంటారని ముందే చదివి వెళ్ళాను. అయినా గోడంత ఎత్తున చూసేసరికి కాళ్ళు కదల్లేదు. ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో వేలాదిమంది తెలుగువాళ్ళున్నారు. మా అక్క అక్కడికొచ్చి పన్నెండేళ్ళయింది. గంట ప్రయాణంలో మనదేశపు ఆదివాసీ స్త్రీలు గోడమీదున్నారని ఆమెకి తెలియదు. ఆమెననను. పోలవరం ముంపు గ్రామాల ఆడవాళ్ళ బొమ్మ మన పట్టణాల్లో ఏ గోడమీదా నాకూ కనబడలేదు. మన గోడలమీద ఇప్పుడు కార్పొరేషన్లవాళ్ళు వేయించే పువ్వులూ నెమళ్ళూ ఉంటున్నాయి, ఎక్కువభాగం జనం మూత్రం పోయకుండా.

ఇప్పుడు చెప్పండి, ఈ బొమ్మలో రాజకీయం లేదా? నీళ్ళమీద హక్కు రాజకీయం కాదా? ఆడపిల్లల హత్యలు రాజకీయం కాదా? పెద్దాయన చూడలేదనుకోను. చూశారు. ఎత్తిన పిడికిలి లేదు, ఎర్రజెండా లేదు, తుపాకి లేదు. ఏడుస్తున్న ఒక ఆడదుంది, నీళ్ళున్నాయి, చీర మడతల్లాంటి అలలున్నాయి. అందుకని అది ముగ్గయింది.

యొరోనా ఎవరో తెలిస్తే ఈ మాట ఇంకా గుచ్చుకుంటుంది. లా యొరోనా అంటే ఏడ్చే ఆడది. మెక్సికోలో పిల్లల్ని భయపెట్టడానికి చెప్పే కథ. ప్రేమించినవాడు, చాలా కథల్లో అతడు స్పానిష్ దొర, వదిలేసి పోతే కోపంతో తన బిడ్డల్ని ఏట్లో ముంచి చంపిందట. చచ్చి దయ్యమై రాత్రిళ్ళు నీళ్ళ ఒడ్డున బిడ్డల కోసం ఏడుస్తూ తిరుగుతుందట, దొరికిన పిల్లల్ని పట్టుకుపోతుందట. దీనికన్నా పాత రూపం ఒకటుంది. స్పానిష్ వాళ్ళు రాకముందు కనబడిన దుశ్శకునాల్లో, రాత్రిపూట తన బిడ్డల కోసం ఏడుస్తూ పోయిన ఒక స్త్రీ గొంతు కూడా ఉన్నట్టు 16వ శతాబ్దంలో సహగున్ అనే మతగురువు స్థానికుల చేత చెప్పించి రాయించిన గ్రంథంలో ఉంది. అంటే రాబోయే నాశనాన్ని ముందే చూసి ఏడ్చిన తల్లి. ఆ తల్లి కాలక్రమంలో బిడ్డల్ని తానే చంపుకున్న పాపిష్ఠిది ఎలా అయిందో ఈ పత్రిక పాఠకులకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

నా చిన్నప్పుడు మా వీధిలో ఇళ్ళ తలుపులమీద సుద్దతో, బొగ్గుతో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి ఉండేది. రాత్రిపూట ఒక ఆడదయ్యం వచ్చి తలుపు కొడుతుందని, అది చదివి వెనక్కి పోతుందని. దయ్యానికి చదువొచ్చన్నమాట, మా వీధిలో సగంమంది ఆడవాళ్ళకి రాకపోయినా. ఆమె ఎవరు, ఎందుకు తిరుగుతోంది, ఎవరు చంపారు అని ఎవరూ అడగలేదు. రేపు రమ్మన్నాం, అంతే. హువానా అలీసియా ఆ దయ్యాన్ని వెనక్కి పంపలేదు. గోడమీదికి పిలిచి, ఇదుగో వీళ్ళూ నీ బిడ్డలేనని కొచబాంబానీ నర్మదనీ హువారెస్‌నీ చూపించింది. జానపద కథని వాడుకోవడం అంటే నాకు తెలిసి ఇదీ.

ఆ బొమ్మలో నాకు నచ్చనివి లేవని కాదు. 'పవిత్ర' అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది. నదుల్ని పవిత్రం అన్న దేశం నుంచి వచ్చినదాన్ని. పవిత్రం అన్నందువల్ల నర్మదమీద ఆనకట్ట ఆగలేదు. సర్దార్ సరోవర్‌ని 2017లో జాతికి అంకితం చేశారు, అదీ హారతులతో. పవిత్రమైన నీళ్ళ దగ్గర ముట్టున్నవాళ్ళకీ అంటరానివాళ్ళకీ చోటుండదని మనకి తెలుసు. మెక్సికన్ మూలవాసుల సంప్రదాయంలో ఆ మాటకి వేరే బరువుండొచ్చు, ఆ గోడమీద పచ్చల పావడా కట్టుకున్న జలదేవత చల్చియుత్లీక్వే కూడా ఉంది. అయినా నేను చదివితే నాకు నా దేశమే గుర్తొస్తుంది. ఇలాంటి తగాదా పెట్టుకోవడానికి తగిన బొమ్మ అది. ముగ్గులా ఉంది అనేసి లేచిపోవడం తగాదా కాదు.

ఆ గోడకి ముందు కథ ఉంది. అదే గోడమీద 1983లో హువానా అలీసియానే 'లాస్ లెచుగెరాస్' వేసింది. లెట్యూస్ ఆకుకూర కోసే ఆడవాళ్ళు అని అర్థం. 1970లలో ఆమె కాలిఫోర్నియా సలీనాస్ లోయలో వ్యవసాయ కార్మిక సంఘం కోసం వెళ్ళి, ఆ పొలాల్లో తానే కూలి చేసింది. గర్భంతో ఉండి పురుగుమందుల మధ్య పనిచేసింది. బొమ్మలో వంగి ఆకు కోస్తున్న స్త్రీలు, తలమీద మందు చల్లుతున్న విమానం, ఒకామె కడుపులో బిడ్డ బయటికే కనబడుతూ. గుంటూరు మిరపచేలల్లో, వరంగల్ పత్తిచేలల్లో కూలికెళ్ళే ఆడవాళ్ళకి ఈ బొమ్మని ఎవరూ వివరించక్కర్లేదు. గోడ నెమ్ముకి బొమ్మ పాడైతే, దానిమీద పాతదాన్నే మళ్ళీ దిద్దకుండా ఆమె కొత్త బొమ్మ వేసింది. 20 ఏళ్ళలో పొలంలో విషం నుంచి నదిలో నీళ్ళ దాకా వచ్చింది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మెక్సికన్ కుడ్యచిత్రకళ అనగానే మనకి ముగ్గురు మగవాళ్ళు: రివేరా, ఒరోస్కో, సికెయ్‌రోస్. మన వామపక్ష సాహిత్యం ద్వారా వచ్చిన పేర్లు ఇవి. నేను వాళ్ళని చిన్నబుచ్చడం లేదు. కానీ వాళ్ళకి ముడిసరుకు ఎక్కణ్ణుంచి వచ్చింది? 1921లో, మెక్సికో స్వాతంత్య్రానికి నూరేళ్ళయిన సందర్భంగా, రాజధానిలో ప్రజాకళల ప్రదర్శన పెట్టారు. కుండలు, కంబళ్ళు, లక్కపెట్టెలు, బొమ్మలు. పెట్టినవాళ్ళు రొబెర్తో మొంతెనెగ్రో, హోర్హే ఎన్సీసో అనే చిత్రకారులు. దానిమీద పుస్తకం రాసింది డాక్టర్ అత్ల్ అనే ఇంకో చిత్రకారుడు. అప్పటిదాకా పేదవాళ్ళ సామాను అనుకున్నది జాతీయ కళ అయింది. రివేరా విద్యాశాఖ భవనం గోడలమీద తెవాంతెపెక్ ఆడవాళ్ళూ, మృతుల పండగలూ, మార్కెట్లూ వచ్చాయి. ఆ నేతా, ఆ కుట్టూ, ఆ కుండల్లో చాలా భాగం ఆడవాళ్ళ చేతులవి. ఇప్పటికీ చాలా మ్యూజియంలలో ఆ కుండ పక్కనున్న చీటీ చదివితే ఊరి పేరుంటుంది, చేసినామె పేరుండదు.

మగవాడు ఆ కుండని గోడమీదికి ఎక్కిస్తే జాతి ఆత్మ. ఆడది ఎక్కిస్తే?

1945లో మెక్సికో నగర పాలక భవనంలో గోడచిత్రం వెయ్యడానికి మరియా ఇస్కియెర్దోకి ఒప్పందం దొరికింది. హలిస్కో రాష్ట్రంలోని చిన్న ఊళ్ళో పుట్టిన మనిషి. ఇంట్లో పెట్టుకునే మొక్కుబడి పీఠాలు, అలమరల్లో పేర్చిన పళ్ళూ మట్టిబొమ్మలూ, ఊళ్ళు తిరిగే సర్కస్ వాళ్ళు ఆమె చిత్రాలనిండా ఉంటారు. జానపద వస్తువుని దూరం నుంచి చూసి ఎత్తుకొచ్చింది కాదు, దాని మధ్య పెరిగింది. 1930లోనే న్యూయార్క్‌లో ఆమె చిత్రాల ప్రదర్శన జరిగింది. గోడచిత్రం దగ్గరికి వచ్చేసరికి రివేరా, సికెయ్‌రోస్ అడ్డుపడ్డారు. తడి సున్నం మీద వేసే పనిలో ఆమెకి అనుభవం చాలదన్నారు. ఒప్పందం పోయింది. వేరే చిన్న గోడ ఇస్తామంటే ఆమె పుచ్చుకోలేదు. తనకి ఆ పని వచ్చని చూపించడానికి విడి పలకలమీద వేసి చూపించింది కూడా. అయినా ఆ గోడ ఆమెకి దక్కలేదు. 1955లో చనిపోయింది. ప్రజల కళ గురించి మాట్లాడిన ఇద్దరు కమ్యూనిస్టులు ఒక ఆడమనిషి గోడని ఆపారు. మన పెద్దాయన గంటసేపు మాట్లాడే ప్రసంగంలో ఈ సంగతి నేనెప్పుడూ వినలేదు. (1936లోనే గోడచిత్రం వేసిన అవురోరా రేయెస్ పేరూ వినలేదు. ఆమె వేసింది పల్లెటూరి పంతులమ్మమీద జరుగుతున్న దాడిని. అందులో కావలసినంత నెత్తురుంది, మరి ఆమెనెందుకు మరిచారో.)

సరిగ్గా ఇదే గొడవ 1970లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో మళ్ళీ జరిగింది. పత్రీసియా రొద్రీగెస్, గ్రసియేలా కరీయో, కొన్సువేలో మెండెస్, ఇరేనే పెరెస్ కలిసి ముహెరెస్ మురలిస్తాస్, అంటే గోడచిత్రకారిణులు, అని పేరు పెట్టుకున్నారు. ఆడవాళ్ళు పరంజా ఎక్కలేరు, అది మగవాళ్ళ పని అన్న మాటలు విని తామే పరంజా కట్టుకున్నారు. 1974లో మిషన్ వీధిలో 'లాతినోఅమెరికా' వేశారు. బొలీవియా దయ్యపు ముసుగుల నాట్యం, మొక్కజొన్న, లామాలు, కలబంద లాంటి మగేయ్ మొక్కలు, మధ్యలో ఒక మూలవాసీ కుటుంబం. తోటి మగ చిత్రకారులు ఏమన్నారు? నెత్తురేదీ, పోరాటమేదీ, పూలూ ఆడవాళ్ళూ తప్ప ఏముంది అన్నారు. అంటే సుమారు 50 ఏళ్ళ తర్వాత మా సభలో పెద్దాయన కొత్తగా ఏమీ అనలేదు.

వాళ్ళు అదే ఏడాది వేసిన 'పారా ఎల్ మెర్కాదో' కథ నాకు ఇష్టం. మెర్కాదో అంటే సంత. పక్కనే మెక్‌డొనాల్డ్స్ వస్తోందని ఒక చిన్న టాకో కొట్టు యజమాని భయపడి, మా గోడమీద బొమ్మ వెయ్యండమ్మా అని అడిగాడు. వాళ్ళు సంత వేశారు. తిండి పండించేవాళ్ళు, వండేవాళ్ళు, మోసేవాళ్ళు, అమ్మేవాళ్ళు. ఎత్తిన చెయ్యి ఒక్కటీ లేదు. బహుళజాతి కంపెనీకి ఎదురుగా 76 అడుగుల గోడమీద సంత వెయ్యడం రాజకీయం కాదంటే, రాజకీయం అన్న మాటకి అర్థం మార్చుకోవలసింది వాళ్ళు కాదు. ఆ రెండు బొమ్మలూ ఇప్పుడు లేవు. ఫొటోలు మిగిలాయి.

ఆ నలుగురిలో ఇరేనే పెరెస్, 20 ఏళ్ళ తర్వాత, హువానా అలీసియాతోనూ ఇంకో అయిదుగురితోనూ కలిసి, మిషన్ ప్రాంతంలోనే మహిళా భవనం గోడలమీద 'మాయెస్త్రాపీస్' వేసింది. మిగిలినవాళ్ళు మిరాండా బెర్గ్‌మన్, ఈడిత్ బూన్, సుసాన్ సెర్వాంతెస్, మీరా దేశాయ్, ఇవాన్ లిటిల్టన్. ఇది 1994. ఆ భవనానికి రెండు వైపులా కిందనుంచి పైదాకా బట్ట చుట్టినట్టుంటుంది. ప్రపంచంలోని ఎన్నో జాతుల నేత నమూనాలు గోడమీదుగా జారుతూ ఉంటాయి. సొంత తమ్ముడి చేతిలో ముక్కలైన అజ్తెక్ చంద్రదేవత కొయొల్‌షౌకి ఉంది, గ్వాటెమాలా రిగోబెర్తా మెంచూ ఉంది. ఆ నమూనాల మధ్య 600కి పైగా స్త్రీల పేర్లు రాశారు. అక్కడ నేను తల ఎత్తి పేర్లు చదువుతూ నిలబడ్డాను, మెడ నొప్పెట్టేదాకా.

ఆ మెడనొప్పిలోనే నా థీసిస్ గుర్తొచ్చింది. అక్కడిదాకా పెద్దాయనమీద కోపంతో రాశాను, ఇక్కడ నా వంతు. నా పీహెచ్‌డీ స్త్రీల జానపద గేయాలమీద. మా జిల్లాలో నాలుగూళ్ళు తిరిగి తొమ్మిదిమంది దగ్గర పాటలు రికార్డు చేశాను. కృతజ్ఞతల్లో గైడుగారు, శాఖాధ్యక్షులు, లైబ్రేరియన్, టైపు చేసినాయన, మా ఆయన, అందరి పేర్లూ ఉన్నాయి. పాడినవాళ్ళు అనుబంధంలో ఉన్నారు, ఒక పట్టికలో. 'సమాచార దాత 1, వయస్సు 62, వ్యవసాయ కూలీ.' రివేరాని ఏమనను నేను? ఆయన కనీసం మొహాలైనా వేశాడు. వైవాలో ఎవరూ ఈ సంగతి అడగలేదు, నాకూ తోచలేదు. సమాచార దాత 4 నాకు రెండు రాత్రులు అన్నం పెట్టింది.

ఇక ముగ్గు సంగతి. ముగ్గంటే తక్కువా అని రొమ్ము విరుచుకుని వాదించడం సులభం. అదీ చెయ్యలేను. ముగ్గు ఏ వాకిట్లో పెడతారు, ఆ వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లే చెయ్యి ఎవరిది, ముగ్గు పెట్టే చెయ్యి ఎవరిది, భర్త పోయినామెని ఎందుకు పెట్టనివ్వరు అన్నవి దళిత స్త్రీలూ ఒంటరి స్త్రీలూ మనల్ని ఎప్పుడో అడిగారు. జానపదం అని పేరు పెట్టగానే అది శుభ్రం అయిపోదు. యొరోనా కథ కూడా ఆడవాళ్ళే పిల్లలకి చెప్పి భయపెట్టిన కథ. అందుకే దాన్ని ఉన్నదున్నట్టు గోడకెక్కించడం కాదు, తిరగెయ్యడం కావాలి. హువానా అలీసియా చేసింది అదే. పెద్దాయన 'ముగ్గు' అన్నది ముగ్గు తెలిసి కాదు. రోజూ ఇంట్లో దాన్ని తొక్కకుండా దాటుతూ, అదేమిటో ఒక్కసారి కూడా చూడక అన్న మాట అది.

ఇంకో ప్రమాదం కూడా చెప్పాలి. ఆ 24వ వీధికి 2014లో లాటినో సాంస్కృతిక ప్రాంతమని నగరపాలకులు గుర్తింపు ఇచ్చారు. గైడు వెనక యాత్రికులు గోడలు చూస్తూ తిరుగుతున్నారు. గోడమీద ఉన్నవాళ్ళలాంటివాళ్ళు మాత్రం అద్దెలు కట్టలేక ఆ వీధులు ఖాళీ చేసిపోతున్నారు. బొమ్మ ఉండి మనుషులు పోవడం! హైదరాబాదులో ఫ్రీదా కాలో మొహం అచ్చేసిన చేతిసంచీలు కొనుక్కుని తిరిగే మనం (నా దగ్గరా ఒకటుంది) మరియా ఇస్కియెర్దో పేరు వినకపోవడం కూడా ఇలాంటిదే.

నా థీసిస్ పుస్తకంగా వెయ్యడానికి ఒక ప్రచురణకర్త ఒప్పుకున్నారు. పట్టిక తీసేసి పేర్లు పెడతానన్నాను. ఆ పేర్లు ఈ వ్యాసంలోనే రాసెయ్యొచ్చు కదా అనొచ్చు మీరు. రాయలేను, వాళ్ళనింకా అడగలేదు. పేరు తియ్యడానికి అడగలేదు, పెట్టడానికైనా అడగాలి. వచ్చే నెల ఆ ఊళ్ళు వెళ్తున్నాను. తొమ్మిదిమందిలో ఇద్దరు పోయారని ఫోనులో తెలిసింది. వాళ్ళ కూతుళ్ళని అడుగుతాను.

ఈ సంచిక రాగానే ఒక ప్రతి సభాధ్యక్షులవారికి పోస్టులో పంపిస్తాను. టీ విరామంలో నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని పైన చీటీ పెడతాను.